పొగబండి రాత్రి ఎనిమిదిన్నరకి వస్తుంది

మా వీధిలోకి దోమల పొగబండి రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో వస్తుంది. రెండు వీధుల అవతల ఉండగానే దాని మోత వినిపిస్తుంది. వెంటనే మా అత్తయ్యగారు లేచి కిటికీలన్నీ మూసేస్తారు. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ సందులో పాత పేపరు కుక్కుతారు. పక్క ఫ్లాట్లలో కూడా టపటపా తలుపులు పడతాయి. కింద పిల్లలు మాత్రం పొగ వెనకాల కేకలు పెడుతూ పరిగెడతారు. పది నిమిషాలయ్యాక వీధంతా డీజిల్ కంపు. మూసిన కిటికీల వెనక, కర్టెన్ల మడతల్లో, మంచాల కింద, బీరువా వెనక దోమలు సుఖంగా ఉంటాయి.

కిందటి సెప్టెంబరులో మా పాపకి డెంగీ వచ్చింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. పొద్దునా సాయంత్రం ప్లేట్‌లెట్ల లెక్క వచ్చేదాకా ఎవరికీ ముద్ద దిగేది కాదు. చేర్చిన రోజున డ్యూటీ డాక్టరు దగ్గర నా గోడు చెప్పుకుంటూ పోయాను. రోజూ దోమతెర కడతామండీ, సాయంత్రం ఆరు కొట్టగానే తలుపులు వేసేస్తామండీ, ప్లగ్గుకి లిక్విడ్ కూడా పెడతామండీ అని. ఆవిడ రాసుకుంటూనే, తల ఎత్తకుండా అడిగారు: "పగలు పాప ఎక్కడుంటుందండీ?"

స్కూల్లో. ఎనిమిదింటి నుంచి నాలుగింటి దాకా. పొట్టి చేతుల యూనిఫాం, మోకాళ్ళ దాకా గౌను, బెంచీల కింద చీకటి. తర్వాత స్కూలుకి ఫోన్ చేస్తే, "రోజూ సాయంత్రం ఐదింటికి, పిల్లలంతా వెళ్ళాక, అన్ని క్లాసుల్లో స్ప్రే చేయిస్తున్నాం సార్" అన్నారు. పిల్లలున్నప్పుడు కొట్టమని నేనూ అనలేను. కానీ ఆ ఫోన్ పెట్టేశాక లెక్క వేసుకున్నాను. డెంగీ మోసే ఈడిస్ దోమ ఎక్కువగా కుట్టేది పొద్దెక్కిన రెండు మూడు గంటల్లోనూ, మళ్ళీ పొద్దు వాలడానికి ముందు కొన్ని గంటలూ. మేం రాత్రికి కాపలా పెట్టాం. స్కూలు ఐదింటికి పెట్టింది. మున్సిపాలిటీ ఎనిమిదిన్నరకి పెట్టింది. దోమ పొద్దున తొమ్మిదింటికి వచ్చి తన పని చూసుకుపోయింది.

పురుగు కనపడితే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట "దీనికి ఏ మందు?" అని. "ఇది ఎన్నింటికి వస్తుంది?" అని అడిగేవాళ్ళు తక్కువ. ఈ రెండో ప్రశ్న ముందు అడగాలన్నదే ఈ పోస్టులో నా గొడవంతా. వెలుతురు చూసో, మనల్ని చూసో పురుగు అప్పటికప్పుడు వేళ నిర్ణయించుకుంటుందని అనుకుంటాం. దాని వేళ దాని ఒంట్లోనే నడుస్తూ ఉంటుంది. ఇలా రాసేయడం తేలికే గానీ, నమ్మడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

నల్లబట్ట

మాది పలమనేరు దగ్గర పల్లె. నా చిన్నప్పుడు ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్ళం. ఇప్పట్లా చాకీ కేంద్రం (పిల్లపురుగుల్ని పెంచి ఇచ్చే చోటు) నుంచి రెండో జ్వరం లేచిన పురుగుల్ని తెచ్చుకోవడం కాదు, గుడ్ల అట్టలే తెచ్చి ఇంట్లో పిల్ల చేయించేవాళ్ళు. (పురుగులకి జ్వరమేమిటని అడక్కండి. కుబుసం విడిచే ముందు మేత మానేసి, తలెత్తి కదలకుండా ఉండిపోతాయి. దాన్నే జ్వరం అంటారు.) గుడ్డులో నల్లచుక్క కనపడగానే నాన్న ఆ అట్టల్ని నల్లబట్టలో చుట్టి చెక్కపెట్టెలో పెట్టేవాడు. రెండు రోజులు పెట్టె జోలికి ఎవరూ పోకూడదు. మూడో రోజు తెల్లవారుజామున తీసి, బట్ట విప్పి, లైటు కింద పరిచేవాడు. మేం సంగటి తిని బడికి బయల్దేరేసరికి అట్టల మీద నల్లటి నూగు కదులుతూ ఉండేది. ఒక్కో పురుగూ వెంట్రుక ముక్కంత. లేతాకు సన్నగా తరిగి పైన చల్లితే అన్నీ ఆకు మీదికి పాకేవి. కోడి ఈకతో వాటిని మెల్లగా తట్టలోకి దులిపేవాడు.

ఒకసారి రెండో రోజు మధ్యాహ్నం నేను పెట్టె తెరిచి, బట్ట విప్పి, టార్చి వేసి చూశాను. ఆ పంట ఒక్కసారిగా పిల్ల కాలేదు. కొన్ని ఆ సాయంత్రం, కొన్ని మర్నాడు, కొన్ని ఆ పైరోజు. ఇక నెలంతా అదే గోల. సగం పురుగులు జ్వరంలో ఉంటే సగం మేతకి ఎగబడేవి. చివర్లో కొన్ని చంద్రికలెక్కి (గూళ్ళు కట్టించే వెదురు తట్టలు) గూడు కడుతుంటే ఇంకొన్ని తీరిగ్గా ఆకు నములుతూ కూర్చున్నాయి. అదంతా నా టార్చి వల్లేనని నాన్న ఇప్పటికీ అంటాడు. గుడ్లే మంచివి కావేమోనని నా అనుమానం. అయినా వీపు మీద పడ్డవి అనుమానంతో పడలేదు.

చాలా ఏళ్ళు దీన్ని స్విచ్చి లెక్క అనుకున్నాను. వెలుతురు పడింది, పిల్ల అయింది, అంతే. వంటింట్లో బొద్దింకలూ అంతేగా, లైటు ఆపితే వస్తాయి, వేస్తే పారిపోతాయి. "ఒంట్లో గడియారం" అన్న మాట పేపర్లవాళ్ళు వాడే అలంకారం అనుకునేవాణ్ణి.

వెలుతురు నిజంగానే ఒక తోపు తోస్తుంది, అందులో అబద్ధం లేదు. కానీ బొద్దింకని రోజుల తరబడి పూర్తి చీకట్లో ఉంచి చూసినవాళ్ళున్నారు. చీకటంటే లేచి తిరిగే జీవమైతే అది రోజంతా తిరుగుతూనే ఉండాలి. అలా తిరగలేదు. బయట రాత్రి మొదలయ్యే వేళకి లేచి హడావుడిగా తిరిగింది, మిగతా సమయమంతా ముడుచుకుని కూర్చుంది. రోజుకి కొన్ని నిమిషాలు అటో ఇటో జరుగుతూ వారాల తరబడి అదే వరస.

నన్ను పూర్తిగా ఒప్పించింది మాత్రం పట్టుపురుగులే. 1970లో జేమ్స్ ట్రూమన్, లిన్ రిడిఫర్డ్ అని ఇద్దరు, రెండు జాతుల పట్టు సీతాకోకచిలుకల మీద ఒక పని చేశారు. ఒకటి అమెరికాలో దొరికే సెక్రోపియా. రెండోది చైనా ఓక్ చెట్ల మీద పెరిగే పెర్నయి, మన మహాదేవ్‌పూర్, చెన్నూరు అడవుల్లో దసలి పట్టు ఇచ్చే పురుగుకి దగ్గరి చుట్టం. సెక్రోపియా గూడులోంచి పొద్దుటిపూట బయటికొస్తుంది, పెర్నయి సాయంత్రం వస్తుంది. గూడులో నిద్రపోతున్న దశలో మెదడు తీసేస్తే అవి చచ్చిపోలేదు. సీతాకోకచిలుకలుగా బయటికొచ్చాయి, కాకపోతే వేళాపాళా లేకుండా, ఒకటి అర్ధరాత్రి, ఒకటి మిట్టమధ్యాహ్నం. తీసిన మెదడుని పొట్టలో పెట్టి కుట్టేస్తే మళ్ళీ వేళ కుదిరింది. తలలో ఉండాల్సింది పొట్టలో ఉన్నా దానికి పట్టలేదు. తర్వాత ఒకదాని మెదడు ఇంకోదానికి పెట్టారు. పెర్నయి మెదడు పెట్టిన సెక్రోపియా సాయంత్రం బయటికొచ్చింది. రెక్కలు ఆడించే తీరు, గూడు తోసుకుని వచ్చే తీరు దాని జాతివే, వేళ ఒక్కటే పక్కవాడిది.

ఇది చదివిన రోజు నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, "మెదడు యాడ పెడితే ఆడ పనిజేస్తాదా? మన ఊర్లో చానామందికి ఈ సౌకర్యం ల్యాకపాయనే" అన్నాడు.

మంచు ఆరకముందే

వేళ తెలిసినంత మాత్రాన పురుగుకి ఒరిగేదేమిటి? పళ్ళ మీద ముసిరే చిన్న ఈగ దీనికి మంచి జవాబు. దాని శాస్త్రీయ నామం డ్రోసోఫిలా, అంటే మంచు అంటే ఇష్టపడేది. ప్యూపా తొడుగులోంచి కొత్త ఈగ తెల్లవారుజాము ప్రాంతంలో బయటికొస్తుంది. అప్పుడు దాని ఒళ్ళు మెత్తగా, తడిగా ఉంటుంది, రెక్కలు ముడతలు పడి ఉంటాయి. గాలిలో తేమ ఉండగానే అవి విచ్చుకోవాలి. ఎండెక్కాక వస్తే ఆరిపోయి ఎందుకూ పనికిరాకుండా పోతుంది. ఈ మాట చెప్పిన కాలిన్ పిటెండ్రిగ్ అంతకుముందు రెండో ప్రపంచయుద్ధకాలంలో ట్రినిడాడ్‌లో మలేరియా దోమలు ఏ వేళకి కుడతాయో లెక్కలు రాసిన మనిషి. 

ఇక్కడ కీలకం ఒకటుంది. తెల్లారింది కదా అని వెలుతురు చూసి అప్పుడు లేవడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. లోపల పని గంటల ముందే మొదలవ్వాలి. ఆరు గంటల బస్సు అందుకోవాలంటే నాలుగున్నరకే లేవాలి, బస్సు హారన్ విని లేస్తే ఏం లాభం?

పిటెండ్రిగ్‌కి అడ్డొచ్చిన ప్రశ్న వేరు. పురుగుకి మనలా ఒంట్లో సొంత వేడి ఉండదు. చలిలో దాని పనులన్నీ నెమ్మదిస్తాయి. మరి గడియారం కూడా నెమ్మదిస్తే, చలికాలంలో అరగంట ఆలస్యంగా కొట్టే గోడ గడియారానికీ దానికీ తేడా ఏముంది? 1950ల మొదట్లో కొలరాడో కొండల్లో, ఎవరూ వాడని ఒక పాత మరుగుదొడ్డిని చీకటిగదిగా మార్చుకుని ఆయన దీన్ని పరీక్షించాడు. చలిలో ఉంచిన ఈగలు ఎదగడానికి ఎక్కువ రోజులు తీసుకున్నాయి గానీ, రోజు లెక్క మాత్రం దాదాపు ఇరవై నాలుగు గంటల దగ్గరే నిలిచింది. 1954లో ప్రచురించాడు. ఇన్నాళ్ళూ అలంకారం అనుకున్న "గడియారం" మాటని నేను సరైన మాటగా ఒప్పుకున్నది ఇక్కడే.

దాని లోపల ఏముందో తర్వాత తేలింది. 1971లో రొనాల్డ్ కొనోప్కా, సీమోర్ బెంజర్ మూడు రకాల తేడా ఈగల్ని పట్టుకున్నారు. ఒకదానికి రోజు పంతొమ్మిది గంటలు, ఒకదానికి ఇరవై ఎనిమిది, ఒకదానికి అసలు రోజే లేదు. మూడింట్లోనూ దెబ్బతిన్నది ఒకటే జన్యువు, పీరియడ్. అది పనిచేసే పద్ధతి మా అపార్ట్‌మెంటు వాటర్ ట్యాంకుని గుర్తుచేస్తుంది. మోటారు వేస్తే ట్యాంకు నిండుతుంది. నిండగానే ఫ్లోట్ లేచి మోటారు ఆపేస్తుంది. నీళ్ళు వాడుకుంటూ ఉంటే మట్టం పడుతుంది, మళ్ళీ మోటారు. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ కణంలో నిండుతుంది, టైంలెస్ అనే తోడు ప్రొటీన్‌తో కలిసి కేంద్రకంలోకి వెళ్ళి తనని తయారుచేసిన జన్యువునే ఆపేస్తుంది, మెల్లగా విరిగిపోతుంది, మళ్ళీ మొదలు. ఈ మొత్తం చుట్టుకి ఒక రోజు పడుతుంది. పొద్దుటి వెలుతురు ఆ తోడు ప్రొటీన్‌ని కరిగించి ప్రతిరోజూ టైం సరిచేస్తుంది. దీని గుట్టు విప్పిన జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకి 2017లో నోబెల్ వచ్చింది. దారి చూపించిన బెంజర్, కొనోప్కా అప్పటికి బతికి లేరు.

జిలేబీ బండి

మా ఊరి బస్టాండు పక్కన ఒక జిలేబీ బండి ఉండేది. నాలుగింటికి పొయ్యి వెలిగించేవాడు. నేను కాలేజీలో ఉన్నప్పుడు మూడూ నలభైకల్లా అక్కడ ఉండేవాణ్ణి, బస్సు కోసం. కడిగి బోర్లించిన పాకం గిన్నె చుట్టూ అప్పటికే ఐదారు తేనెటీగలు తిరుగుతుండేవి. గిన్నెలో చుక్క పాకం లేదు, పొయ్యిలో నిప్పు లేదు. "నాకంటే ముందొచ్చి హాజరు వేసుకుంటాయి సార్" అనేవాడు బండాయన. వాసన మిగిలి ఉంటుందిలే అని నేను పట్టించుకోలేదు.

స్విట్జర్లాండ్‌లో ఆగస్ట్ ఫోరెల్ అనే డాక్టరుకి సరిగ్గా ఇదే ఎదురైంది, జిలేబీకి బదులు జామ్‌తో. ఆరుబయట టిఫిన్ చేస్తుంటే తేనెటీగలు వచ్చేవి. వాతావరణం బాగాలేక లోపల తిన్న రోజున కూడా ఖాళీ బల్ల దగ్గరికి అదే వేళకి వచ్చాయి. ఆయన దాన్ని వాసన అని వదిలేయలేదు, వేళ గుర్తుందని రాసిపెట్టాడు. 1929లో ఇంగెబోర్గ్ బేలింగ్ తేనెటీగలకి గుర్తులు పెట్టి, రోజూ ఒకే వేళకి పంచదార నీళ్ళు పోసి, ఒకరోజు ఖాళీ గిన్నె పెట్టి కూర్చుంది. అవే ఈగలు, అదే వేళకి, కాస్త ముందుగానే వచ్చాయి. సూర్యుణ్ణి చూసి వచ్చాయేమో అన్న అనుమానం 1955లో తీరింది. మాక్స్ రెన్నర్ పారిస్‌లో గదిలో అలవాటు చేసిన తేనెటీగల్ని విమానంలో న్యూయార్క్ తీసుకెళ్ళి, అక్కడా అలాంటి గదిలోనే వదిలాడు. అవి పారిస్ టైముకే తిండికి వచ్చాయి. అమెరికా వెళ్ళిన మొదటి వారం మా బావమరిది అర్ధరాత్రి లేచి పులిహోర కలుపుకున్నట్టు.

తేనెటీగల్లో నాకు బాగా నచ్చేది ఇంకోటుంది. తేనెపట్టులో పిల్లల్ని సాకే ఈగలు పగలూ రాత్రీ తేడా లేకుండా మేత పెడుతూనే ఉంటాయి. అవే పెద్దయి బయటికి తేనె కోసం వెళ్ళడం మొదలుపెట్టాక వేళ ప్రకారం తిరిగి, రాత్రి పడుకుంటాయి. గడియారం ఉండటం వేరు, దాని మాట వినడం వేరు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో తల్లిని అడిగితే ఈ తేడా చెబుతుంది.

అర్ధరాత్రి తలుపు తట్టినవాళ్ళు

"మన ప్రభుత్వాలు టైం చూసుకోవు" అని రాసేద్దామనుకున్నాను. అత్తయ్యగారు ఆ వాక్యం రాయనివ్వలేదు. ఆవిడది కోనసీమ. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో బోదకాలు ఎక్కువ. "రాత్రి పూట వచ్చేవారండీ బాబూ, రక్తం తీసేవాళ్ళు. తొమ్మిది, పది దాటాక. గాజు పలకలు పెట్టె నిండా తెచ్చుకునేవారు. వేలు పొడిచి చుక్క తీసేవారు. మా నాన్నమ్మ దొంగలనుకుని తలుపు తీసేది కాదు. నేనేమో నిద్రపోయినట్టు నటించేదాన్ని, నిద్రలోనే పొడిచేసేవారు."

రాత్రే ఎందుకంటే, బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు పగలు రక్తనాళాల్లో లోతుగా, ముఖ్యంగా ఊపిరితిత్తుల్లో దాక్కుంటాయి. రాత్రి పది నుంచి రెండు మధ్య చర్మం కింది రక్తంలోకి గుంపుగా వస్తాయి. ఆ జబ్బుని మోసే క్యూలెక్స్ దోమ జోరుగా కుట్టేదీ ఆ వేళలోనే. పగలు చుక్క తీసి చూస్తే రోగం ఉన్నా లేదనే కనపడుతుంది. దీన్ని 1870ల చివర్లో చైనాలోని అమోయ్ రేవులో, పగలూ రాత్రీ గంటల లెక్కన రక్తం తీయించి చూసి కనిపెట్టినవాడు పాట్రిక్ మాన్సన్. మన బేగంపేటలో 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసిన రొనాల్డ్ రాస్‌కి ఆయనే గురువు. 1881లో లండన్‌లో స్టీఫెన్ మెకెంజీ అనే డాక్టరు ఒక రోగిని పగలు నిద్రపుచ్చి రాత్రి మేలుకోబెడితే, కొన్నాళ్ళకి ఆ పురుగులు కూడా పగలు పైకి రావడం మొదలెట్టాయి. మనిషి నిద్రని బట్టి పురుగు, దోమ వేళని బట్టి దాని బతుకు.

ఇప్పుడు పగలే చేసే కార్డు టెస్టులు కూడా వచ్చాయి, ప్రతిసారీ అర్ధరాత్రి తలుపు తట్టక్కర్లేదు. కానీ ఆ రోజుల్లో ఆరోగ్యశాఖ చిన్న ఉద్యోగి సైకిలు మీద, టార్చితో, పురుగు డ్యూటీ టైంకి డ్యూటీ చేశాడు. వేరుశనగ రైతులూ చేశారు. పొగాకు లద్దెపురుగు పగలు మట్టిలో దాక్కుని రాత్రి ఆకు తింటుంది కాబట్టి, తవుడూ బెల్లం మందూ కలిపిన విషపు ఎర ఉండల్ని పొద్దు వాలాకే చల్లుతారు. మనకి తెలియని విద్య కాదు. ఒకప్పుడు అడిగిన ప్రశ్ననే అడగడం మానేశాం.

బీర పందిరి కింద

ఇంత తెలుసుకున్నాక ఊరుకుంటానా? నాన్నకి సలహా చెప్పడానికి ఫోన్ చేశాను. పట్టు మానేసి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు కూరగాయలే. పూత మీదున్న పంటకి పొద్దున మందు కొట్టొద్దు నాన్నా, గుమ్మడి, కాకర పూలు పొద్దున్నే విచ్చుతాయి, తేనెటీగలు అప్పుడే వస్తాయి, సాయంత్రం కొట్టు అన్నాను.

"సాయంత్రం కూలోళ్ళు యాడ దొరుకుతారు రా? పొద్దున ఎనిమిదికి వస్తారు, రెండుకి పోతారు. సాయంత్రం రమ్మంటే ఇంకో కూలి అడుగుతారు. మసక చీకట్లో పందిరి కింద పాములు తిరుగుతాయి. ట్యాంకు ఈపుకి తగిలించుకుని నువ్వొస్తావా?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన ఆగలేదు. "సరే, సాయంత్రమే కొడతా. మరి బీరకి?"

అక్కడ దొరికిపోయాను. బీర పూలు విచ్చేదే సాయంత్రం. మబ్బు పట్టిన రోజున మా అవ్వ పొద్దు తెలుసుకోవడానికి చూసేది బీర పందిరినే, పూలు విచ్చితే దీపం పెట్టే వేళ అని. ఆ పూల కోసం వచ్చే రెక్కల పురుగులూ ఈగలూ ఆ వేళకే వస్తాయి. పొద్దున్నకీ పూలు ఇంకా తాజాగానే ఉంటాయి. "సాయంత్రం కొట్టండి" అన్న సలహా గుమ్మడికి సరిపోతుంది, బీరకి ఎదురు తిరుగుతుంది. అది కూడా ఎవరి గడియారమో అడక్కుండా ఇచ్చిన సలహానే. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది. మొత్తానికి నాన్న బీరకి మందు మానేసి, పండు ఈగకి (పళ్ళ మీద ముసిరే ఆ చిన్న ఈగ కాదు, కాయల్ని పాడుచేసే వేరే ఈగ) ఎర బుట్టలు కట్టాడు. నా గొప్పేం లేదు, పక్క చేను వాళ్ళు కట్టారని.

పొగబండి వాళ్ళకీ ఒక న్యాయం ఉంది, ఒప్పుకోవాలి. పట్టపగలు నేల వేడికి గాలి పైకి లేస్తుంది, పొగ కూడా దాంతోపాటే పోతుంది. చల్లబడ్డాకే పొగ నేలబారున నిలుస్తుంది. అందుకే తెల్లవారుజామున గానీ సాయంత్రం గానీ అంటారు. నా అభ్యంతరం సాయంత్రానికీ ఎనిమిదిన్నరకీ మధ్య ఉన్న ఆ రెండు గంటల గురించి. అప్పటికి ఈడిస్ ఎగరడం తగ్గించి ఇంట్లో మూలకి చేరిపోతుంది, పొగ అక్కడిదాకా రాదు. ముందు చెప్పానుగా, మా అత్తయ్యగారు రానివ్వరు.

వేళ కూడా కదులుతుంది

నా వాదనకి నేనే పెట్టుకున్న పెద్ద అడ్డంకి ఇది. దోమ వేళ ఇదీ అని పట్టుకుని కాపు కాస్తే, అది వేళ మార్చుకోదా?

మార్చుకుంటుంది. పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్‌లో ఊళ్ళకి ఊళ్ళు మందు పూసిన దోమతెరలు కట్టుకున్నాక, అర్ధరాత్రి దాటాక కుట్టే ఒక మలేరియా దోమ తెల్లవారుజాము వైపు జరిగినట్టు 2012లో తేలింది. జనం తెరలోంచి లేచి పొలానికి బయల్దేరే వేళన్నమాట. మన ఈడిస్ కూడా నేను రాసినంత పద్ధతైనదేం కాదు. రాత్రి దీపాల వెలుతురు ఉంటే అది రాత్రి కూడా ఎక్కువగా కుడుతుందని అమెరికాలో చేసిన ఒక ప్రయోగంలో 2020లో చూపించారు. పదకొండు దాకా హాల్లో ట్యూబ్‌లైటు, ఆ పైన ఫోన్లు, మా ఇల్లే ఒక ప్రయోగశాల. "పగటి దోమ" అని నేను పాపకి చెప్పిన పాఠంలో ఆ మేరకు తప్పుంది.

ల్యాబు లెక్కలన్నీ చేలో నిలుస్తాయా అన్న అనుమానం కూడా న్యాయమైనదే. ల్యాబులో పళ్ళ ఈగ మధ్యాహ్నం కునుకు తీస్తుంది. ఇంగ్లండ్, ఇటలీల్లో దాన్ని ఆరుబయట గాజు గొట్టాల్లో పెట్టి చూస్తే వేసవి మధ్యాహ్నాల్లో తెగ తిరిగింది. నీడకి పారిపోయే చోటు లేక ఎండకి అల్లాడటమే అదంతా అని బెంగళూరులోని జేఎన్‌సీఏఎస్‌ఆర్ అనే పరిశోధనా సంస్థ వాళ్ళు వాదించారు. నేను బెంగళూరు పక్షమే, ప్రాంతీయాభిమానం కొంచెం ఉందేమో.

అదే బెంగళూరు సంస్థలో విజయ్ కుమార్ శర్మ బృందం ఏళ్ళ తరబడి ఇంకో పని చేసింది. పొద్దున బయటికొచ్చే ఈగల్ని ఒక పక్క, సాయంత్రం వచ్చేవాటిని ఇంకో పక్క ఏరి, తరం తర్వాత తరం వాటినే పెంచుతూ పోయారు. పదుల తరాలు గడిచేసరికి పొద్దుటి వంశం గడియారం కాస్త తొందరగా, సాయంత్రం వంశం గడియారం కాస్త నెమ్మదిగా నడవడం మొదలైంది. జపాన్‌లో మా నాన్న బీరకాయలకి శత్రువైన ఆ పండు ఈగ మీదే ఇలాంటిది బయటపడింది. తొందరగా ఎదిగేవాటిని ఏరి పెంచిన వంశం సాయంత్రం ముందుగానే జతకట్టింది, నెమ్మదిగా ఎదిగే వంశం రాత్రి పొద్దుపోయాక. రెండిటికీ ఒకదాని ముఖం ఇంకోదానికి కనపడే వేళే కుదరలేదు. అక్కడ దీనికి పెద్ద విలువుంది. ఒకినావా దీవుల్లో గొడ్డు మగ ఈగల్ని (వాటితో జతకట్టిన ఆడ ఈగకి పిల్లలు పుట్టవు) కోట్ల కొద్దీ పెంచి వదిలి, 1993 నాటికి పండు ఈగని పూర్తిగా తుడిచిపెట్టారు. ఫ్యాక్టరీలో పెరిగిన మగ ఈగ వేళ తప్పితే అడవి ఆడ ఈగ దాన్ని కన్నెత్తి కూడా చూడదు. అక్కడి శాస్త్రవేత్తలు వేళ సంగతి అంత పట్టుదలగా చూసింది అందుకే.

కాబట్టి వేళ పట్టుకుంటే పని అయిపోతుందని నేను అనను. మందుకి దోమ అలవాటు పడినట్టే వేళకీ అలవాటు పడుతుంది. అయితే మందు విషయంలో అది తెలిసే ఏటా మందు మారుస్తున్నాం, మోతాదు మారుస్తున్నాం, డబ్బు మారుస్తున్నాం. వేళ మార్చడానికి కావాల్సింది ఎవరో ఒకరు డ్యూటీ చార్టు తీసి చూడటం.

ఆ చార్టు కోసమే నేను వార్డు ఆఫీసుకి వెళ్ళాను. పొద్దున ఆరింటికో సాయంత్రం ఐదున్నరకో బండి పంపండి, వచ్చే ముందు కిటికీలు తెరవమని మైకులో చెప్పండి అని కాగితం రాసిచ్చాను. అక్కడున్నాయన మర్యాదగానే చదివాడు. "మీరు చెప్పింది కరెక్టే సార్. కానీ డ్రైవరు షిఫ్టు ఎనిమిదికి మొదలవుతుంది" అన్నాడు.

పాప ఇప్పుడు పొద్దున ఏడుంబావుకి బూట్లు వేసుకునే ముందు కాళ్ళకీ చేతులకీ దోమల క్రీం రాసుకుని వెళ్తోంది. ఆదివారం పొద్దున నేనూ అత్తయ్యగారూ మేడ మీద కుండీల కింద పళ్ళేలు వంచేస్తున్నాం. పోయిన వారం నుంచి పొగబండి ఎనిమిదీ పదికి వస్తోంది. బెంగళూరు ఈగలు పదుల తరాల్లో జరిగినంత దూరం మా బండి ఒక్క కాగితంతో జరిగింది.